ఆరు వానాకాలాలు దాటిన మా అంబాసిడర్ ఫ్లోర్

2024 నవంబరులో, వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక, మా 1987 మార్క్ 4 అంబాసిడర్ సీట్లు మళ్ళీ విప్పాను. మ్యాట్లు ఎత్తి, టార్చి వేసుకుని, డ్రైవర్ వైపు ఫ్లోర్ అంతా స్క్రూడ్రైవర్ మొనతో అంగుళం అంగుళం పొడిచి చూశాను. ఎక్కడా దిగలేదు. అంతటా టంగుమని గట్టి ఇనుము చప్పుడే. 2019 జనవరిలో బరంపురంలో మా పెరట్లోనే నేనూ మా బావమరిదీ వేసిన షీటు అది. ఎడమ వైపు మాత్రం మూడేళ్ళకే మళ్ళీ కోయాల్సి వచ్చింది. కారు ఒకటే, చేతులూ అవే, గోపాల్‌పూర్ నుంచి వచ్చే ఉప్పుగాలీ అదే. తేడా ఎక్కడ వచ్చిందో ఈ పని తలపెట్టేవాళ్ళకి తెలియాలని రాస్తున్నాను.

కారు నాన్నది. ఓఆర్ 07 నంబరు ప్లేటు ఇంకా అలాగే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు నిలిచి, కారు రెండు రోజులు వాటిలోనే ఉంది. పైకి ఎండింది కదా అనుకున్నాం. రెండు నెలల తర్వాత క్లచ్ తొక్కబోతే మడమ కింద మెత్తగా తగిలింది. మ్యాటు ఎత్తితే దాని కింద జనపనార ఫెల్ట్ ఇంకా తడిగానే ఉంది. పిండితే గోధుమరంగు నీళ్ళు కారాయి. ఫెల్ట్‌తో పాటు ఫ్లోర్ ముక్క కూడా అప్పడంలా ఊడివచ్చి, అరచేయంత కన్నంలోంచి కింద నేల కనిపించింది. తుప్పు అసలు ఏళ్ళ తరబడి పట్టిందే. ముందద్దం రబ్బరు సందులోంచి ప్రతి వానకీ కొద్దికొద్దిగా నీళ్ళు దిగి, ఆ ఫెల్ట్‌లోకి చేరేవి. తుఫాను దాన్ని బయటపెట్టిందంతే.

నాకు రెడీమేడ్ షీటు దొరకలేదు. 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం సీఆర్‌సీఏ షీటు (పూత లేని మామూలు ఉక్కు రేకు) తెచ్చాం. ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు దాదాపు 28 కిలోలు, ఇద్దరం పట్టుకుంటే గానీ ఆటో ఎక్కలేదు. మొదట మామూలు ఆర్క్ వెల్డింగ్ మిషన్‌తో ప్రయత్నించాం. ఆ పలుచని షీటు మీద రాడ్ పెట్టగానే రంధ్రం పడిపోయేది. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ వైరుతో నడిచే చిన్న మిగ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొన్నాక పని దారిలో పడింది. పెరట్లో గాలి ఆడుతుంది కాబట్టి మాకు అదే సరిపోయింది. వెల్డింగ్‌ని కాపాడే సిలిండర్ గ్యాస్ అయితే ఆ గాలికి ఎగిరిపోతుంది. అయితే ఆ వైరు వాడేటప్పుడు వెల్డింగ్ టార్చి నెగటివ్‌కి, ఎర్త్ క్లాంపు పాజిటివ్‌కి కలపాలి. మిషన్‌తో వచ్చినట్టే కలిపి మొదటి వారం అంతా చిటపటలు పడ్డాం. తిప్పి కలపగానే టాకా (వెల్డింగ్ అతుకు) చక్కగా కూర్చుంది. ఆరేళ్ళలో ఆ మిషన్‌కి నాజిల్, కాంటాక్ట్ టిప్పులు తప్ప ఏమీ మార్చలేదు.

కుడి వైపు పనికి మూడు వారాలు పట్టింది. కోసే ముందు రెండు డోర్ల మధ్య సందు నాలుగు చోట్ల కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నాం. కోశాక బాడీ వంగకుండా డోరు ఖాళీకి అడ్డంగా ఇనుప పైపు టాకా వేశాం. ఈ కారుకి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే డోరు కింది సిల్ కూడా పుచ్చిపోయి ఉంటే, ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళు ఆ పని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. మాది అదృష్టవశాత్తు గట్టిగా ఉంది. పెట్రోల్ ట్యాంకు దించేశాం, పైపులు విప్పేశాం, బ్యాటరీ ఇంటి లోపల పెట్టేశాం. అయినా పాత తారు పూత ఒకసారి అంటుకుంది. మా ఆవిడ తడి గోనెపట్టాతో సిద్ధంగా నిలబడి ఉండబట్టి సరిపోయింది. ఇంకో మనిషి పక్కన లేకుండా ఈ పని చేయకండి.

పాత ఇనుము తెల్లగా మెరిసేదాకా కోసుకుంటూ పోయాం. కొత్త షీటుకి అసలు ఫ్లోర్‌లో ఉన్నటువంటి గాడులు కావాలి. గాడి లేని చదును షీటు ఇంజిన్ ఆన్ చేయగానే డప్పులా మోగుతుంది. రెండు యాంగ్లర్ (ఎల్ ఆకారం ఇనుము) ముక్కలు వేలెడు సందు వదిలి పరిచి, వాటి మీద షీటు పెట్టి, పైన 12 ఎంఎం రాడ్ ఉంచి సుత్తితో కొట్టుకుంటూ వెళ్ళాం. మొదటి గాడి వంకర పోయింది, మూడోది తీర్చినట్టు వచ్చింది. అంచు అంగుళం మేర పాతదాని మీద ఎక్కేలా పెట్టి, ఆ రెండు ముఖాలకీ ముందే జింక్ ప్రైమర్ కొట్టాం. కొత్త షీటు అంచుకి రంధ్రాలు వేసి వాటిని టాకాతో నింపాం. వరుసగా వేస్తే వేడికి షీటు మెలితిరుగుతుంది. అందుకే ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి. పది టాకాలకోసారి ఆగి డోర్లు మూసి చూసేవాళ్ళం. గ్రైండ్ చేసిన సాయంత్రమే రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేసేశాం, ఎందుకంటే మా ఊరి తేమకి ఒక్క రాత్రి వదిలినా పొద్దున్నకి ఎర్రటి పొడి కనిపిస్తుంది. అతుకు మీద పైనా కిందా సీమ్ సీలర్ (సందులోకి నీళ్ళు దిగకుండా మూసే పేస్టు), దానిపై పెయింట్, సిల్ లోపలికి సన్నని గొట్టంతో మైనం స్ప్రే.

ఎడమ వైపు మార్చిలో చేశాం. చైత్ర మంగళవారం అమ్మని తారాతారిణి గుడికి తీసుకెళ్ళాలని తొందర. తుప్పు పట్టదు కదా అని జీఐ షీటు (జింక్ పూత ఉన్న రేకు) వేశాం. ఆ పూత తీయకుండా వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చి, ఆ రాత్రి బావమరిదికి చలిజ్వరం వచ్చింది. తెల్లారేసరికి తగ్గింది గానీ, ఇంటిల్లిపాదికీ టెన్షన్. టాకా పడినచోట జింక్ కాలిపోతుంది కాబట్టి రక్షణ కావలసిన చోటే అది మిగలదు. అతుకు మీద రెడ్ ఆక్సైడ్ ఒక్క పూత వేసి, సీలర్ లేకుండా, కింద మందంగా తారు పట్టించాం. చూడ్డానికి కుడి వైపుకన్నా అదే బాగుండేది.

ఐదేళ్ళకోసారి చేయించే రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022లో వచ్చింది. దానికి ముందు జనవరిలో కిందకి దూరి చూస్తే తారు అక్కడక్కడా ఉబ్బి ఉంది. గోటితో గీరితే పొర పొరగా లేచింది. లోపల నీళ్ళు. తారు ఎండి పగిలితే ఆ చీలికలోంచి తడి లోపలికి వెళ్తుంది, బయటికి రాదు. పైకి నల్లగా నున్నగా ఉంటుంది కాబట్టి మనకి తెలియదు. అతుకు పొడవునా తుప్పు, షీటు మధ్యలో మాత్రం శుభ్రంగా ఉంది. అంటే మందపాటి షీటు కోసం తిరగడం కంటే అతుకు మీద ఇంకో రెండు రోజులు కూర్చోవడం ముఖ్యం. అప్పుడు ఎడమ వైపు కూడా కుడి వైపులాగే చేశాం. మూడు వానాకాలాలు గడిచాయి, ఇప్పటికి బాగుంది.

వాడకంలో రెండు లోపాలున్నాయి. గాడులు వేసినా కొత్త షీటు పాతదాని కంటే కాస్త ఎక్కువ మోగుతుంది. ఇచ్ఛాపురం వైపు హైవే మీద అరవై దాటితే పాదాలకి తెలుస్తుంది. రెండోది, సిల్ లోపల మైనం ప్రతి రెండేళ్ళకీ మళ్ళీ కొట్టాలి. ఫెల్ట్ మళ్ళీ వేయలేదు, రబ్బరు మ్యాట్లే. వాన పడిన ప్రతిసారీ వాటిని ఎత్తి గుడ్డతో తుడుస్తాను. ముందద్దం రబ్బరు మార్చాక ఆ తుడిచే పని కూడా తగ్గింది.

డిక్కీలో స్టెప్నీ కింద ఫ్లోర్‌కి ఇప్పుడు చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తున్నాయి. మిగిలిన షీటు ముక్కకి నూనె రాసి, గోనెలో చుట్టి, వసారాలో గోడకి ఆనించాను. సంక్రాంతికి బావమరిది వస్తానన్నాడు.