కౌలూన్‌లో మాజాంగ్ బిళ్లల వెంట

హాంకాంగ్ వెళ్లినవారిలో చాలామంది విక్టోరియా శిఖరం, డిస్నీల్యాండ్ చూసి తిరిగి వచ్చేస్తారు. మా అక్కకు చేతిపనులంటే ప్రాణం. అందుకే మేము ఎక్కువ సమయం కౌలూన్ వీధుల్లోనే, చేత్తో చెక్కే మాజాంగ్ బిళ్లల కోసం తిరిగాం.

మాజాంగ్ నలుగురు కూర్చుని ఆడే చైనా ఆట. సెట్టుకు 144 బిళ్లలు. ఒకప్పుడు ఎముక, వెదురుతో చేసేవారు, ఇప్పుడంతా ప్లాస్టిక్. యంత్రాలు వచ్చాక చేత్తో చెక్కేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. 2014లో హాంకాంగ్ ప్రకటించిన 480 అంశాల వారసత్వ జాబితాలో ఈ విద్యకూ చోటు దక్కింది.

హుంగ్ హోమ్‌లోని బల్కిలీ వీధిలో కామ్ ఫాట్ అనే చిన్న దుకాణం ఉంది. యాత్రలో ఒక్క చోటికే సమయం ఉంటే అక్కడికే వెళ్లమంటాను. బిళ్లలను చెక్క చట్రంలో వరుసగా పేర్చి బల్బు వేడికి మెత్తబరుస్తారు. ఆ తర్వాత సన్నని ఉలితో ఒక్కో గీత తీస్తారు. కింద ముందుగా గీసుకున్న గుర్తేమీ ఉండదు, అంతా చేతి అలవాటే. చుక్కల బిళ్లలకు మాత్రం వేరే పనిముట్టు ఉంది. దాన్ని బిళ్లకు ఆనించి తిప్పితే గుండ్రని గాడి పడుతుంది. రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. గాడి నిండేలా పూసి, ఆరాక పైన మిగిలింది గీకేస్తారు.

పనితనం తెలియాలంటే వెదురు గుర్తులుండే వరుసలోని ఒకటో అంకె బిళ్ల చూడాలి. దాని మీద పిట్ట ఉంటుంది. ఒకే యంత్రం చేసిన సెట్లన్నిటిలో అదే పిట్ట. చేత్తో చెక్కితే ఈకల గీతలు ఒక్కొక్కరివి ఒక్కో తీరు. మా అక్క ఆ పిట్టనే ఎంచుకుంది.

టెంపుల్ స్ట్రీట్ రాత్రి సంతలోనూ మాజాంగ్ తాళంగొలుసులు, అయస్కాంతాలు దొరుకుతాయి. చవకే, కానీ మేము చూసినవన్నీ అచ్చు వేసినవి. పిల్లలకు ఇవ్వడానికి పరవాలేదు. దాచుకోవడానికైతే ఆ డబ్బుతో చెక్కిన బిళ్ల ఒక్కటి కొన్నా నయం. పూర్తి సెట్టు బాగా బరువు. విమానంలో తెచ్చుకోవాలంటే సామాను పరిమితి ముందే చూసుకోండి.

బసకు జోర్డాన్ స్టేషన్ చుట్టుపక్కల మంచిది. సంతకు నడిచి వెళ్లవచ్చు, విమానాశ్రయం నుంచి వచ్చే ఏ21 బస్సు నేథన్ రోడ్డు మీదుగానే వెళుతుంది. మేము దిగిన లాడ్జిలో గది ఎంత ఇరుకంటే, పెట్టె తెరవాలంటే మంచమెక్కాల్సి వచ్చింది. గది విస్తీర్ణం అడగకుండా డబ్బు కట్టకండి. శాకాహారులు చిమ్ షా చూయ్ ప్రాంతంలోని చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే భవనానికి వెళితే మన దేశపు భోజనం దొరుకుతుంది.

మాజాంగ్ ఆడే శాలలు బయటి నుంచి చూస్తే చాలు. అవి లైసెన్సుతో నడిచే జూదపు చోట్లు. ఆట నేర్చుకోవాలన్న ఆశతో లోపలికి వెళితే నిరాశే.

భారత పాస్‌పోర్టుతో 14 రోజుల లోపు పర్యటనకు వీసా అక్కర్లేదు గానీ, ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు తప్పనిసరి. అది పూర్తయ్యాకే టికెట్లు కొనండి.