రీసెట్ నొక్కి వెళ్లిపోని సోలార్ సర్వీసు

వర్షాలు మొదలైనప్పటి నుంచి హైదరాబాద్ సైనిక్‌పురిలోని మా ఇంటి సోలార్ ఇన్వర్టర్ ఉదయం పూట 'ఐసొలేషన్ ఫాల్ట్' (తీగల నుంచి కరెంటు భూమికి కారే లోపం) అని చూపి ఆగిపోయేది. ఎండ ముదిరి డాబా ఆరగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ పనిచేసేది. దీనికి తోడు ఎండ బాగా కాసే మధ్యాహ్నాల్లో అప్పుడప్పుడు 'ఆర్క్ ఫాల్ట్' (జాయింటులో నిప్పురవ్వ పుడుతోందన్న) హెచ్చరిక కూడా వచ్చేది. ఈ రెండింటి మూలాన్నీ కనిపెట్టి సరిచేసిన సంస్థ ఏ.ఎస్.రావు నగర్‌లో ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లతో నడిచే చిన్న మరమ్మతుల సంస్థ.

పీఎం సూర్యఘర్ పథకం కింద ప్యానెళ్లు బిగించిన వారే ఐదేళ్ల పాటు నిర్వహణ చూడాలి కాబట్టి సహజంగానే ముందుగా వారినే పిలిచాము. వారు పంపిన వ్యక్తి ఎండెక్కాక తీరిగ్గా వచ్చి, ఇన్వర్టర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసి, ఎర్రర్ పోయింది కదా అని కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఆర్క్ ఫాల్ట్ సంగతి అడిగితే, సెట్టింగులలో ఆ రక్షణను ఆపేస్తే మళ్లీ రాదని చెప్పారు. జ్వరం కనబడకుండా థర్మామీటరును దాచిపెట్టడం వంటి సలహా ఇది. ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి అందులో పుట్టిన నిప్పురవ్వ ఆరిపోయే అవకాశం ఉంటుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు ఎప్పుడూ సున్నాకు దిగదు కనుక, వదులైన జాయింటు దగ్గర మొదలైన ఆర్క్ అలాగే మండుతూ ప్లాస్టిక్‌ను కరిగించి చివరకు మంటలకు దారితీయగలదు.

ఏ.ఎస్.రావు నగర్ వారు ఫోన్‌లోనే అడిగిన మొదటి ప్రశ్న, ఎర్రర్ ఏ వేళకు వస్తోంది అని. "తడి ఆరాక వస్తే మీటరుకు ఏమీ చిక్కదు సార్, రాత్రి వాన పడితే పొద్దున్నే ఫోన్ చేయండి" అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లు రోజూ ఉదయం గ్రిడ్‌కు కలిసే ముందు ప్యానెళ్ల తీగలకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ ఎంత ఉందో కొలుస్తాయి. అది తగ్గితే పని మొదలుపెట్టవు. దెబ్బతిన్న చోట నీరు చేరినప్పుడే కరెంటుకు దారి దొరుకుతుంది గనుక, లోపం తడిలోనే బయటపడుతుంది.

వారి పని తీరు వివరంగా చెప్పదగినది. ముందు ఏసీ వైపు, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపి, గ్లవ్స్ వేసుకున్న తర్వాతే ప్యానెళ్ల ఫ్రేములను తాకారు. ఇలా కరెంటు భూమికి కారే లోపం ఉన్నప్పుడు ఆ ఫ్రేములలోనే కరెంటు ఉండవచ్చు. డీసీ బాక్సులోని సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా పెరిగే వోల్టేజి నుంచి కాపాడే భాగం) పాడైనా ఇదే ఎర్రర్ వస్తుంది కాబట్టి దాన్ని తీసి చూశారు. అది బాగానే ఉంది. ఆ తర్వాత స్ట్రింగ్ (ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన ప్యానెళ్ల వరుస) చివరలను విడదీసి మల్టీమీటరుతో కొలిచారు. మా ఎనిమిది ప్యానెళ్ల మొత్తం వోల్టేజి దాదాపు 392. పాజిటివ్ నుంచి భూమికి 245, నెగటివ్ నుంచి భూమికి 147 వోల్టులు చూపింది. లోపం లేని స్ట్రింగ్‌లో ఈ రీడింగులు నిలవకుండా సున్నా వైపు జారిపోతాయి. ఒక్కో ప్యానెల్ సుమారు 49 వోల్టులు గనుక, లోపం పాజిటివ్ వైపు నుంచి ఐదో ప్యానెల్‌కూ ఆరో ప్యానెల్‌కూ మధ్య ఉందని లెక్క తేలింది. మిగతావి ఏవీ విప్పకుండా ఆరో ప్యానెల్‌ను మాత్రమే పైకి ఎత్తారు. బిగించేటప్పుడు ఫ్రేముకూ రెయిలుకూ మధ్య నలిగిన కేబుల్ అక్కడ ఉంది. దాని తొడుగు చిట్లి, తగరం పూత పూసిన రాగి తీగ నల్లబడి బయటకు కనబడుతోంది.

ఆర్క్ ఫాల్ట్‌కు కారణం వేరే చోట దొరికింది. డాబా అంచున ప్యానెళ్ల కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ జతలో ఒక సగం ప్యానెల్‌తో వచ్చినది, రెండో సగం మరో కంపెనీది. చూడటానికి ఒకేలా ఉండి, క్లిక్‌మని అతుక్కున్నా, లోపలి పిన్నులు సరిగ్గా కూర్చోవు. పైగా ఆ రెండో సగాన్ని తీగను పిన్నుకు బిగించే క్రింపింగ్ టూల్‌తో కాక కటింగ్ ప్లేయర్‌తో నొక్కినట్టుంది. లాగగానే తీగ చేతికొచ్చింది. ప్లాస్టిక్ ఒక పక్క గోధుమరంగుకు మారింది. కరెంటు ఎక్కువగా ప్రవహించే మధ్యాహ్నాల్లోనే హెచ్చరిక ఎందుకు వచ్చేదో అది చూస్తే అర్థమైంది. రెండు సగాలూ ఒకే కంపెనీవి వేసి, కేబుల్ ముక్కను మార్చి, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో మళ్లీ కొలిచారు. సోలార్ వ్యవస్థల పరీక్షలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62446 ప్రకారం ఒక మెగాఓమ్ అయినా ఉండాల్సిన చోట రీడింగు పదుల మెగాఓమ్‌లకు చేరింది. ఆ తర్వాత వానలు పడ్డా ఇన్వర్టర్ ఉదయాన్నే మొదలవుతోంది.

లోపాలు లేవని కాదు. ఫోన్ ఎత్తడంలో వీరికి శ్రద్ధ తక్కువ. చెప్పిన వేళకు రాలేదు. కొలతలను నీటుగా రాసి ఇచ్చారు గానీ, ఫొటోలు జతచేయమని మేమే అడగాల్సి వచ్చింది. విజిట్ చార్జీ వేరుగా, సామాను వేరుగా వేశారు. ఆ కనెక్టర్లే ట్రూప్ బజార్‌లో కొంత చవకగా దొరుకుతాయి, అయితే అసలువో నకిలీవో పోల్చుకోగలిగిన వారే అక్కడ కొనాలి. మిగిలిన కనెక్టర్లన్నింటినీ మార్చాలన్న వారి సూచన నాకు అతిగా అనిపించింది కాబట్టి, వేర్వేరు కంపెనీలవి కలిసిన జతలను మాత్రమే మార్పించాను. ఎర్త్ గుంటల పనికి వారిచ్చిన కొటేషన్‌ను ఇంకా ఒప్పుకోలేదు, వేరే చోట ధర కనుక్కుంటున్నాను. ఆదివారాలు వీరు పని చేయరు.