పాత ఉత్తరాలు తెర మీదికి రావాలంటే: స్కానరా, కెమెరానా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కో రంగూన్‌కో వలసపోయిన కుటుంబాల మీద డాక్యుమెంటరీ తీసేవాళ్లకు ఇళ్లలో మిగిలిన ఉత్తరాలే అసలు సరుకు. ఇనప తీగకు గుచ్చిన కట్టలు కొన్ని, ట్రంకుపెట్టె అడుగున మూటగట్టినవి కొన్ని.

చదువుకోడానికైతే స్కానరే మేలు. కానీ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోదు. కార్డుముక్క పొడవు 14 సెంటీమీటర్లు. 600 డీపీఐలో కూడా అది సుమారు 3,300 పిక్సెళ్లే (తెర మీది చుక్కలు). 4కే వీడియో ఫ్రేము వెడల్పుకు 3,840 కావాలి. ఒక్క వాక్యం మీదికి జూమ్ చేశారా, అక్షరం అలుక్కుపోయినట్టే. కార్డులకు 1,200 పెట్టండి. పల్చటి కాగితమైతే వెనక నల్ల అట్ట పెడితే అవతలివైపు రాత ఇవతలికి తేలదు.

స్కానరు వెలుగులో అంతా చదునైపోతుంది. తీగ బెజ్జం చుట్టూ ఉబ్బిన అంచు, పాళీ ఒత్తిన గాడి కనబడవు. కెమెరాను పైనుంచి నిటారుగా బిగించి, ఒకే ఎల్ఈడీ దీపాన్ని బల్ల ఎత్తుకు దించి పక్కనుంచి వేయండి. ప్రతి మడతకూ నీడ పడుతుంది. ఇన్‌లాండ్ కవరు అంచు మడతలో, జాగా చాలక అడ్డంగా ఇరికించిన ఆఖరి మాటను ఇంటి పెద్దావిడ వేలితో విప్పడం స్కానరుకు దొరకదు.

సెకనుకు 25 ఫ్రేములైతే షట్టరు వేగం 1/50 సెకను పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. 1/60 పెడితే ఇంటి ట్యూబులైటు మినుకుమంటుంది. ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో ఆ మాట ఇంటివాళ్లకు చెప్పి ఒప్పించడం మరో పని.

ఒక్కటే వీలయితే కెమెరాకే మా ఓటు. ఉత్తరాలు గడప దాటనివ్వని ఇళ్లే ఎక్కువ. పైగా తీగ మీద అడుగున పాతవి, పైన కొత్తవి ఉంటాయి. ఊడదీస్తే ఆ వరస పోయినట్టే. ముందు కట్టను విప్పకుండా అలాగే షూట్ చేసి, తర్వాత ఒక్కోటీ ఊడదీస్తూ చీటీల మీద నంబర్లు వేసుకోండి. స్కానింగు తర్వాతైనా అవుతుంది.

దేంతో తీసినా అడ్రసు వైపు వదలొద్దు. తపాలా ముద్ర చెరిగిపోయినా కాలం కొంత అక్కడే తేలుతుంది. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. కొత్త జిల్లా పేరుంటే ఆ తర్వాతిదేనని రాసుకోవచ్చు. పాత పేరుంటే మాత్రం తొందరపడకండి, అలవాటు కొద్దీ ఏళ్ల తరబడి అదే రాసేవాళ్లుంటారు.