గవ్వా, కొవ్వా? పాత బంగాళాఖాతం వేడి కొలవడానికి ఏది మేలు?

ఈ నెలలో ఇదే ప్రశ్న నలుగురు అడిగారు. అందులో ఇద్దరు ప్రాజెక్టు గడువు వారంలో పెట్టుకుని మరీ అడిగారు. "మేడమ్, బంగాళాఖాతం కోర్ (సముద్రపు అడుగున గొట్టం దింపి తీసిన బురద స్తంభం) దొరికింది, 20 వేల ఏళ్ల బురద ఉంది, పైనీటి ఉష్ణోగ్రత తీయాలి, ఫొరామ్స్‌తో వెళ్లమంటారా, ఆల్కినోన్లతో వెళ్లమంటారా?" విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. నాది గవ్వల పక్షం అని ముందే చెప్పేస్తున్నా. ఏళ్ల తరబడి మైక్రోస్కోప్ ముందు మెడ వంచి కూర్చున్నదాన్ని కాబట్టి నా మాటలో కొంత తరుగు తీసేసి చదువుకోండి.

గవ్వ అంటే ఇక్కడ ఫొరామినిఫెరా (ఫొరామ్స్) అనే ఏకకణ జీవుల సున్నపు పెంకు, ముఖ్యంగా పైనీటిలో బతికే గ్లోబిజెరినాయిడిస్ రూబర్. కొవ్వు అంటే ఎమిలియానియా హక్స్‌లీ లాంటి కోకోలిథోఫోర్లు, అంటే కంటికి కనపడని ఏకకణ నాచులు, వదిలిపోయే పొడుగు గొలుసు కీటోన్లు, అంటే ఆల్కినోన్లు. మా ల్యాబులో సరదాగా అలా అనుకునేవాళ్లం, అదే అలవాటైపోయింది. ఇందులో ఒక తమాషా ఉంది. గవ్వల్లోని ఆక్సిజన్ ఐసోటోపులు (బరువైన ఆక్సిజన్-18, తేలికైన ఆక్సిజన్-16) కొలిచి 1955లో మంచుయుగాల వరుస తేల్చిన చెజారే ఎమిలియాని పేరు చివరికి కొవ్వు చేసే జీవికి పెట్టారు!

ముందు కొవ్వు గొప్పదనం చెప్పాలి, లేకపోతే అవతలి ల్యాబువాళ్లు ఊరుకోరు. కొన్ని గ్రాముల బురద చాలు. ఎండబెట్టి, ద్రావకంతో లాగి, శుభ్రం చేసి, అణువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తే రెండు ద్విబంధాలున్న అణువు ఎంత, మూడున్నది ఎంత అని రెండు శిఖరాలు వస్తాయి. నీళ్లు చల్లగా ఉంటే మూడు బంధాలది పెరుగుతుంది, వేడిగా ఉంటే తగ్గుతుంది. 1998లో ముల్లర్ బృందం ప్రపంచ సముద్రాల అడుగు మట్టి నుంచి తీసిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నాం: నిష్పత్తి = 0.033 × ఉష్ణోగ్రత + 0.044. నిష్పత్తి అంటే రెండు అణువుల మొత్తంలో రెండు బంధాలదాని వాటా. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఈ నిష్పత్తి పెద్దగా చలించదు. ఒకే బురద రెండుసార్లు కొలిస్తే అర డిగ్రీ కూడా తేడా రాదు. ఏరుడు లేదు, కళ్లు పోగొట్టుకోవడం లేదు. నిజం చెప్పాలంటే క్రొమటోగ్రాఫ్ దగ్గర టీ తాగుతూ కూర్చున్నవాళ్లని చూసి నేను కుళ్లుకున్న రోజులున్నాయి.

ఇప్పుడు ఆ సూత్రంలో 28 డిగ్రీలు వేసి చూడండి. 0.968 వస్తుంది. 29 వేస్తే ఒకటి దాటిపోతుంది, కానీ నిష్పత్తి ఒకటిని మించడం కుదరదు, మూడు బంధాల అణువు సున్నా అయ్యాక ఇంక తగ్గడానికి ఏముంటుంది? బంగాళాఖాతం పైనీరు ఏడాదిలో చాలా నెలలు 28కి అటూ ఇటూనే ఉంటుంది. అంటే గడ్డిమోపులు తూచే కాటా మీద బంగారం తూచినట్టే. శిఖరం కాస్త వంకరగా గీసుకున్నా, బేస్‌లైన్ కొంచెం ఎత్తినా డిగ్రీకి డిగ్రీ కొట్టుకుపోతుంది. తర్వాత వచ్చిన బేయేసియన్ కాలిబ్రేషన్ (సంభావ్యత లెక్కతో కట్టిన కొత్త సూత్రం) చూస్తే 23, 24 డిగ్రీలు దాటాకే గీత వాలు తగ్గడం మొదలవుతుందని తేలింది, కాబట్టి ఇబ్బంది 28 దగ్గరే కాదు, అంతకు ముందు నుంచే ఉంది.

"మరి 2001లో ఉత్తర బంగాళాఖాతం కోర్ మీద వాడారు కదా" అని ఒకరు అడిగారు. వాడారు. జర్మన్ నౌక సోన్నె తెచ్చిన కోర్ అది, 80 వేల ఏళ్ల కథ. ఆల్కినోన్ల నుంచి ఉష్ణోగ్రత, రూబర్ గవ్వల నుంచి ఆక్సిజన్, రెండూ కలిపి ఉప్పదనం తీశారు, మంచి పని. మంచుయుగపు చల్లటి నీటికి కొవ్వు పనికొస్తుంది, నేను కాదనను. కానీ అక్కడ కూడా గవ్వ లేకుండా ఉప్పదనం రాలేదు, గమనించండి.

నా దృష్టిలో అసలు తేల్చేది అదే. బంగాళాఖాతంలో ఉష్ణోగ్రత కోసం ఉష్ణోగ్రత ఎవరికి కావాలి చెప్పండి? మనకు కావలసింది వాన. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఎంత మంచినీళ్లు తెచ్చి పోశాయో, దాన్నిబట్టి రుతుపవనం ఎలా ఉండేదో అది కావాలి. ఆ సంగతి గవ్వలోని ఆక్సిజన్‌లో ఉంటుంది కానీ కలగాపులగంగా ఉంటుంది. నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే ఆక్సిజన్-18 విలువ సుమారు 0.2 పర్ మిల్ (అంటే వెయ్యికి 0.2 వంతు) పెరుగుతుంది. ఉప్పదనం ఒక యూనిట్ పెరిగినా ఇక్కడ దాదాపు అంతే పెరుగుతుంది. ఇది కాక ధ్రువాల దగ్గర మంచు పేరుకున్న మంచుయుగంలో సముద్రం మొత్తానికే దాదాపు ఒక పర్ మిల్ పెరిగింది. కిరాణా కొట్టు బిల్లులో మొత్తం మాత్రమే చూపించి బియ్యం ఎంత, కందిపప్పు ఎంత చెప్పమంటే ఎలా ఉంటుందో అలా. ఎమిలియాని ఆ మొత్తంలో ఎక్కువ భాగం వేడి కింద రాశాడు, 1967లో బ్రిటిష్ శాస్త్రవేత్త షాకిల్టన్ వచ్చి కాదు, ఎక్కువ మంచుదేనని సరిచేశాడు.

మంచు వాటాని ప్రపంచమంతటి లెక్క నుంచి తీసేయొచ్చు. మిగిలిన రెండిటిలో వేడి వాటాని అదే గవ్వలోని మెగ్నీషియం చెబుతుంది. పెంకు కట్టుకునేటప్పుడు నీళ్లు ఎంత వేడిగా ఉంటే కాల్షియం చోట్లలో అంత ఎక్కువ మెగ్నీషియం దూరుతుంది, డిగ్రీకి సుమారు 9 శాతం చొప్పున. 28 డిగ్రీల దగ్గర మోల్ కాల్షియానికి 4.7 మిల్లీమోల్‌ల మెగ్నీషియం ఉంటుంది, పైకి పోయేకొద్దీ ఇంకా నిటారుగా పెరుగుతుంది. కొవ్వు చేతులెత్తేసే చోటే గవ్వ గొంతు పెంచుతుందన్నమాట. పైగా వేడి చెప్పేదీ, ఆక్సిజన్ చెప్పేదీ ఒకే జీవి, ఒకే సీజన్‌లో, ఒకే లోతులో బతికినది. ఆల్కినోన్ చేసిన నాచు జనవరిలో విరగబూసి, గవ్వ జీవి ఆగస్టులో పెరిగితే, ఈ రెండిటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ఏ నెల ఉప్పదనం? ఎవరూ చెప్పలేరు.

కాలం లెక్క కూడా గవ్వదే. రేడియోకార్బన్ దానిమీదే చేస్తాం. కొవ్వు అణువులు సన్నటి బంకమట్టిని పట్టుకుని తిరుగుతాయి, అడుగు ప్రవాహం ఎక్కడికి తోస్తే అక్కడికి పోతాయి. 2002లో అట్లాంటిక్‌లోని బెర్ముడా రైజ్ దగ్గర ఒకే పొర నుంచి తీసిన గవ్వలకీ ఆల్కినోన్లకీ విడివిడిగా వయసు కడితే కొవ్వు కొన్ని వేల ఏళ్లు పాతదని తేలింది. పక్కపక్కనే పడుకున్నా ఒక కాలంవి కావు. గంగా బ్రహ్మపుత్రలు ఏటా వంద కోట్ల టన్నుల లెక్కన మట్టి దింపే మన అఖాతంలో ఈ భయం నాకు ఇంకా ఎక్కువ. గవ్వ ఇసుకరేణువంత బరువుంటుంది కాబట్టి, పడ్డచోట పడుంటుందని పూర్తిగా అనలేకపోయినా, అంత దూరం షికారు పోదు.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే కృష్ణా గోదావరి బేసిన్‌లోనే ఉంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం జాయిడెస్ రిజల్యూషన్ నౌక అక్కడ రంధ్రాలు వేసింది, అందులో 16ఏ అనే కోర్ గోదావరి ముఖద్వారం ఎదుట, 1,268 మీటర్ల లోతు నీళ్లలోది. 2012లో దాని ఫలితాలు వచ్చాయి. గోదావరి మోసుకొచ్చిన ఆకుల మైనం చూస్తే దాదాపు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా పరీవాహకంలో పొడినేల మొక్కలు పెరుగుతూ వచ్చాయి. అదే కోర్‌లోని రూబర్ గవ్వల ఆక్సిజన్ చూస్తే గత 3,000 ఏళ్లలో అక్కడి పైనీరు అప్పుడప్పుడూ బాగా ఉప్పగా మారిన ఘట్టాలు కనిపించాయి. నేల మీద కరువు, నీళ్లలో ఉప్పు, రెండూ ఒకే బురదలో. ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది నాకు.

అంత మాత్రాన గవ్వ సత్యహరిశ్చంద్రుడేం కాదు. ఉప్పదనం ఒక యూనిట్ పెరిగితే మెగ్నీషియం కూడా 3, 4 శాతం పెరుగుతుంది. అందుకే రుతుపవనం బలహీనపడి అఖాతం ఉప్పగా ఉన్న మంచుయుగంలో గవ్వ ఉన్నదానికన్నా వేడిగా చెప్పి చలిని కొంత కప్పేస్తుంది. లెక్కలో సర్దుకోవచ్చు గానీ మరిచిపోతే మునుగుతారు. లోతు నీళ్లలో పెంకు కరిగితే ముందు మెగ్నీషియం ఎక్కువున్న భాగమే పోతుంది, అప్పుడేమో చల్లగా చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు బంకమట్టి, దానిలోనూ మెగ్నీషియం ఉంటుంది కాబట్టి. నా మొదటి బ్యాచ్‌లో మూడు శాంపిళ్లలో మెగ్నీషియం ఎనిమిది మిల్లీమోల్‌లు దాటింది, అంటే 34 డిగ్రీలు, అంటే సముద్రం కాదు, వేణ్నీళ్ల కాగు. రెండు రోజులు ఏదో కనిపెట్టేశాననే ఆనందంలో ఉన్నా. తర్వాత బంకమట్టి జాడ చెప్పే అల్యూమినియం కాలమ్ చూస్తే అదీ ఆకాశంలో ఉంది. జరిగిందేమిటంటే, గవ్వల్ని రెండు గాజు పలకల మధ్య నొక్కి గదులు తెరవాలి కదా, ఆ రోజు తొందరలో సరిగా తెరవలేదు. పైగా అల్ట్రాసోనిక్‌లో పెట్టి నీళ్లతో, మెథనాల్‌తో పదేపదే కడగాల్సింది, రెండు కడుగులు ఎగ్గొట్టా. లోపల గదుల్లో తెల్లటి పాలలాంటి బంకమట్టి అలాగే ఉండిపోయింది. నేను కొలిచింది హిమాలయం మట్టి అన్నమాట! నెలరోజుల ఏరుడు గంగపాలు, అక్షరాలా.

డబ్బుల్లేవు, మాస్ స్పెక్ట్రోమీటర్ దరిదాపుల్లో లేదు అంటే జాతుల లెక్క ఉంది. ఒక్కో పొరలో 300 గవ్వలు లెక్కపెట్టి ఏ జాతి ఎంత శాతమో చూసి ఇప్పటి సముద్రాలతో పోల్చడం. 1970ల్లో క్లైమాప్ అనే పరిశోధన ప్రాజెక్టు వాళ్లు మంచుయుగపు ప్రపంచ పటం అలాగే గీశారు. ఉష్ణమండలం పెద్దగా చల్లబడలేదన్నారు. 2000లో మెగ్నీషియంతో చూస్తే భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ దాదాపు 2.8 డిగ్రీలు చల్లగా ఉందని వచ్చింది. ఒమాన్ తీరంలో అడుగు నుంచి చల్లనీళ్లు ఉబికే చోట బులాయిడిస్ అనే ఫొరామ్ జాతి శాతం చూడటానికి మాత్రం ఈ పద్ధతికి తిరుగులేదు. మన అఖాతంలో అంత పదును లేదు.

బురదలో దొరికే ఇతర సూక్ష్మజీవుల అవశేషాలు, అంటే డయాటమ్‌లు, రేడియోలేరియన్‌లు, డైనోసిస్టులు గురించి కూడా అడిగారు. దక్షిణ మహాసముద్రంలో సముద్రపు మంచు ఎక్కడిదాకా ఉండేదో కావాలంటే డయాటమ్‌లు, ఆర్కిటిక్ వైపు డైనోసిస్టులు. బంగాళాఖాతం ఉష్ణోగ్రతకు వద్దు, అంతే.

కొవ్వు పట్టుకోమని నేనే చెప్పే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, కోర్ మరీ లోతైనదై జల్లెడలో గవ్వలు చిల్లులు పడి, సగం తిన్న జంతికల్లా కనిపిస్తే. రెండు, కోర్ అరేబియా సముద్రం పడమటి వైపుదైతే, ఎందుకంటే అక్కడ రుతుపవనం రోజుల్లో నీళ్లు 28కి బాగా కిందే ఉంటాయి. మీరడిగిన నాలుగు కోర్‌లూ 1,500 మీటర్ల లోపువే, అఖాతానివే. గవ్వలే ఏరండి.

ఎన్ని ఏరాలి అంటారేమో. మెగ్నీషియానికి 250 నుంచి 355 మైక్రాన్ల జల్లెడ మధ్య నిలిచిన తెల్ల రూబర్‌లు పొరకు 30 దాకా, ఆక్సిజన్‌కి ఇంకో పది, పన్నెండు. గులాబీ రంగువి కనిపిస్తే ఏరకుండా ముందు కోర్ లోతు చూసుకోండి. గులాబీ రూబర్ హిందూ మహాసముద్రంలో సుమారు 1,20,000 ఏళ్ల కిందటే అంతరించింది, అట్లాంటిక్‌లోనే మిగిలింది. మీ 20 వేల ఏళ్ల కోర్‌లో అది ఉందంటే పాత బురద జారిపడి ఉండాలి, లేదా ఎవరో జల్లెడ కడగకుండా వాడి ఉండాలి. రేడియోకార్బన్‌కి మాత్రం ముందే ల్యాబుని అడిగి పెట్టుకోండి. 10 మిల్లీగ్రాముల సున్నం కావాలన్నారంటే గవ్వకు 10 మైక్రోగ్రాములు వేసుకున్నా ఒక్క తేదీకి వెయ్యి గవ్వలు. తడి కుంచె కొసన ఒక్కొక్కటీ. కుర్చీ ఎత్తు ఇవాళే సరిచూసుకోండి.