పౌరశాస్త్రం సామగ్రితో తొమ్మిదేళ్లు: ఏది క్లాసులో నిలిచింది, ఏది బీరువాలో పడింది

మా స్కూల్లో సోషల్ బీరువా తెరిస్తే ముందు దుమ్ము వస్తుంది, ఆ తర్వాత చార్టులు జారి కాళ్ల మీద పడతాయి. విశాఖలో గోపాలపట్నం వైపు ఒక హైస్కూల్లో తొమ్మిదేళ్లుగా ఎనిమిది, తొమ్మిది తరగతులకి సోషల్ చెబుతున్నాను. రాజ్యాంగం, చట్టం, కోర్టులు, పౌరుల హక్కుల పాఠాల కోసం కొన్నవి, ఎవరో ఉచితంగా ఇచ్చినవి, నెట్‌లోంచి దింపుకున్నవి, విసిగిపోయి నేనే చేసుకున్నవి, అన్నీ అందులోనే ఉన్నాయి. మొన్న కొత్తగా చేరిన టీచర్ "మేడం, వీటిలో ఏవి పనికొస్తాయి?" అని అడిగింది. నోటితో చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపి, రాసిస్తానన్నాను. ఇది అదే.

ముందు చార్టుల సంగతి. ప్రాథమిక హక్కుల చార్టు లేని సోషల్ క్లాసు ఉండదు. నేను చేరేనాటికి గోడ మీదున్న చార్టులో హక్కులు ఏడు. పుస్తకంలో ఆరు. ఆస్తి హక్కును 1978లో 44వ సవరణతో ఆ జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడది 300ఎ అధికరణ కింద ఉన్న హక్కే గాని ప్రాథమిక హక్కు కాదు. చార్టు అచ్చు వేసినవారికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు. ఒక పిల్లాడు లేచి "గోడ మీద ఒకటెక్కువుంది మేడం" అనేదాకా ఆ చార్టు ముందే నిలబడి పాఠం చెప్పాను. సిగ్గేసింది. దాన్ని పారేయలేదు. ఏటా జూలైలో అదే చార్టు తగిలించి "ఇందులో తప్పు పట్టుకోండి" అంటాను. తప్పు లేని కొత్త చార్టులు రెండు కొన్నాం, వాటిని పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్పేస్తారు. మధ్యలో ఆపి "నీ సీనియర్ నిన్ను కులం పేరుతో పిలిచాడు, ఈ ఆరింట్లో ఏది నీ పక్కన నిలబడుతుంది?" అంటే నిశ్శబ్దం.

పాఠ్యపుస్తకం గురించి అందరూ తిడతారు, నేను అంత తిట్టను. ఎడమ పేజీలో ఇంగ్లిష్, కుడి పేజీలో తెలుగు వచ్చాక నాకు పని సులువైంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివిస్తే ఇంగ్లిష్ మీడియం పిల్లలకి అర్థమూ, తెలుగు బాగా వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ మాటా దొరుకుతాయి. ఇబ్బంది తెలుగు మాటలతోనే. రాజ్యాంగం ముందుమాటని ఒక పుస్తకంలో ప్రవేశిక అంటారు, ఇంకోదాంట్లో పీఠిక, పాత గైడులో ఉపోద్ఘాతం. మూడూ ఒకటేనని చెప్పడానికి ఒక పీరియడు పోతుంది. బందీ ప్రత్యక్ష (హెబియస్ కార్పస్), అభిశంసన (ఇంపీచ్‌మెంట్) లాంటివి చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

అందుకని ఒక ఏడాది ఇంటిపని ఇచ్చాను: మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడే కోర్టు మాటలు రాసుకు రండి. మర్నాడు బోర్డు చాల్లేదు. దావా, వాయిదా, వకాల్తా, జామీను, రాజీ, స్టే, నోటీసు, వారంటు, అర్జీ, జప్తు. ఒకమ్మాయి వాళ్ల మామ్మ దగ్గర్నుంచి డిక్రీ (సివిల్ కేసులో కోర్టు ఇచ్చే తీర్పు ఉత్తర్వు) అన్న మాట పట్టుకొచ్చింది, భీమిలి వైపు పొలం కేసుతో సహా. ఆ ముసలావిడకి ఏ ఆర్టికలూ తెలీదు. డిక్రీ వచ్చినా దాన్ని అమలు చేయించుకోవడానికి మళ్లీ కోర్టుకి వెళ్లాలని మాత్రం బాగా తెలుసు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు ఆ మాటల జాబితాతోనే న్యాయవ్యవస్థ పాఠం మొదలుపెడతాను. దీనికి ఖర్చు సున్నా. నా లెక్కలో బీరువాలోని అన్నిటికంటే మేలైనది ఇదే.

రాజ్యాంగం పూర్తి తెలుగు పాఠం కేంద్ర న్యాయశాఖ శాసన విభాగం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జిరాక్స్ తీయించి బైండు చేయించాను, లావుగా నిఘంటువులా వచ్చింది. చదివించడానికి ఇది పనికిరాదు, ఆ భాష లాయర్లకే కష్టం. కానీ చేతిలో పట్టుకోవడానికి పనికొస్తుంది. పిల్లలు పేజీలు తిప్పి ఎనిమిదో షెడ్యూల్లో తెలుగు ఎన్నో నంబరులో ఉందో వెతుకుతారు, 22 భాషలూ లెక్కపెడతారు. రాజ్యాంగ సభ గురించి చెప్పేటప్పుడు అందులో రాజమండ్రి అమ్మాయి దుర్గాబాయి కూర్చుందని, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రచనా కమిటీలో ఉన్నారని చెబితే వెనక బెంచీలు కూడా తల ఎత్తుతాయి.

కరపత్రాలు. వీటి మీద నాకు కోపం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున వచ్చిన లాయర్లు, పారా లీగల్ వలంటీర్లు మంచి మనుషులు. మైకు పట్టుకున్నాక ఆపడం మాత్రం వాళ్లకి తెలీదు. నలభై నిమిషాల ఉపన్యాసం, చివర ఐదు నిమిషాలు ప్రశ్నలు. రెండో ఏడాది నుంచి తిరగేశాను: పిల్లలు ముందే చీటీల మీద ప్రశ్నలు రాసి డబ్బాలో వేస్తారు, వచ్చినవాళ్లు డబ్బా తెరిచి ఒక్కొక్కటీ చదివి జవాబు చెప్పాలి. ఉపన్యాసం లేదు. "మా నాన్న తాగొచ్చి అమ్మని కొడితే నేను ఫోన్ చెయ్యొచ్చా, చేస్తే నాన్నని ఏటి చేస్తారు" అని ఒక చీటీ. వచ్చిన లాయరమ్మ చాలాసేపు దాన్నే చూసి, తర్వాత కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారని, దానికి 15100 నంబరుందని, పిల్లల కోసం 1098 ఉందని ఆ రోజు క్లాసు విన్నట్టు ఏ కరపత్రం చదివీ వినలేదు.

కరపత్రాల మీద అసలు కోపం వేరే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మా బీరువాలోని కట్టలన్నీ ఆ రోజుతో పాతబడ్డాయి. హత్య 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. ఆ తర్వాత కూడా ఒక సంస్థ పాత సెక్షన్లతో ఉన్న పుస్తకాలు రెండు వందలు పంచి, ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. పిల్లలకి పాతవీ కొత్తవీ పక్కపక్కన రాయిస్తే ఒకడు "అయితే ఇకమీద ఎవడినైనా 318 గాడు అనాలా మేడం?" అన్నాడు. అనలేరు. కొన్ని సెక్షన్లు చట్టంలోంచి పోయినా తెలుగులోంచి పోవు.

కంప్యూటర్ ఆటల్లో ఐసివిక్స్ అనే అమెరికా పౌరశాస్త్రం ఆటల సైటు బాగా ప్రయత్నించాను. అమెరికా సుప్రీంకోర్టు జడ్జిగా చేసిన సాండ్రా డే ఓకానర్ 2009లో మొదలుపెట్టింది. ఒక ఆటలో మనం లాయర్ల ఆఫీసు నడపాలి. క్లయింటు వచ్చి తన గోడు చెబుతాడు, అతని హక్కుకి సరిపోయే లాయర్ దగ్గరికి పంపాలి. పిల్లలు ఎగబడ్డారు. కానీ ఆటలో ఉన్నది వాళ్ల రాజ్యాంగం, వాళ్ల సవరణలు. ఒక వారం ఆడాక పరీక్షలో ఒకమ్మాయి ఆయుధం పెట్టుకునే హక్కు కూడా మన ప్రాథమిక హక్కేనని రాసింది. ఆరోజే ఆట ఆపేశాను.

ఆట పద్ధతి మాత్రం వదల్లేదు. అట్ట మీద నలభై కార్డులు చేశాం. ఒక రంగు కార్డుల మీద సమస్య, ఇంకో రంగు వాటి మీద వెళ్లాల్సిన చోటు. ఆన్‌లైన్‌లో ఫోను కొంటే డబ్బాలో సబ్బు వచ్చింది: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఓటీపీ చెప్పేశాం, డబ్బు పోయింది: 1930. పదో తరగతి అక్కకి పెళ్లిచూపులు: 1098. వీధి లైటు నెల నుంచి వెలగట్లేదు: వార్డు సచివాలయం. అక్కడ పని అవ్వలేదు: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. జత కలిపితే సగం మార్కులే, అక్కడికెళ్లి మొదటి వాక్యం ఏమంటావో చెబితేనే పూర్తి మార్కులు. నాకు ఈ సామగ్రి మొత్తంలో తేడా ఇక్కడే కనబడింది. హక్కు ఉందని చెప్పేవి పోస్టర్ల నిండా ఉన్నాయి. ఎవరి దగ్గరికెళ్లాలో, కాగితం మీద ఏం రాయాలో చెప్పేవి దాదాపు లేవు. మొదటి సెట్ లామినేషన్ లేకుండా చేశాను, వర్షాకాలం దాటలేదు. రెండోది ఐదేళ్లుగా నడుస్తోంది.

మాక్ కోర్టు స్క్రిప్టులు నెట్‌లో బోలెడున్నాయి, ఎక్కువ విదేశాలవి. విగ్గులు, జ్యూరీ. మన కోర్టుల్లో జ్యూరీ లేదని చెప్పి ఆ పాత్రలు కొట్టేస్తే సగం మందికి పని ఉండదు. సొంతంగా చేయిస్తే సినిమా కోర్టు అయిపోతుంది, ప్రతివాడూ బల్ల గుద్ది అరుస్తాడు. చివరికి దొరికింది మూడు పేజీల్లో చెప్పుకోగల ఒక నిజం కేసు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు, అన్న, ఇద్దరు చెల్లెళ్లు, అసెంబ్లీలో జాతీయగీతం వచ్చినప్పుడు నిలబడేవారు గాని పాడేవారు కాదు. వాళ్ల మతవిశ్వాసం అది. స్కూలు పంపేసింది, హైకోర్టు స్కూలు వైపే నిలిచింది. 1986లో సుప్రీంకోర్టు పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్ప రెడ్డి. నేను తీర్పు ముందు చెప్పను. క్లాసుని రెండుగా చేసి వాదించమంటాను. ప్రతి ఏడూ ఎక్కువమంది స్కూలు పక్షమే. వాదన అయ్యేసరికి కొందరు కుర్చీలు మార్చుకుంటారు. ఒకసారి ఒక తండ్రి వచ్చి, ఇలాంటివి పిల్లలకి చెప్పొచ్చా అని నన్ను నిలదీశాడు. తీర్పు కాపీ చేతిలో పెట్టాను. చదివాడో లేదో గాని మళ్లీ రాలేదు.

పర్యావరణం, చట్టం అనే పాఠానికి ఎవరో చేసిన స్లైడ్లు వాడేదాన్ని. అందులో భోపాల్, తర్వాత 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకు, దానిపై సుప్రీంకోర్టు చెప్పిన సంపూర్ణ బాధ్యత సూత్రం. ప్రమాదకరమైన పని చేసేవాడు తన తప్పు లేదని తప్పించుకోలేడని. మంచి స్లైడ్లు. 2020 మే 7 తర్వాత వాటిని తెరవలేకపోయాను. ఆ రోజు ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన ఆర్.ఆర్. వెంకటాపురం మాకు ఎంతో దూరం కాదు. తెల్లవారుజామున ఆ స్టైరీన్ విషవాయువు పీల్చి రోడ్ల మీద పరిగెత్తిన పిల్లలు నా క్లాసులో ఉన్నారు. పన్నెండు మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. ఢిల్లీ సూత్రం మా వీధికి వచ్చినట్టు. ఆ పాఠానికి నాటకం, రోల్‌ప్లే ఉన్న కిట్టు ఒకటి ఇచ్చారు. నేను వాడలేదు, వాడను. ఆ రోజు పేపరు కోతలు బల్ల మీద పెట్టి, మాట్లాడాలనుకున్నవాళ్లని మాట్లాడనిస్తాను, బయటికి వెళ్తానన్నవాళ్లని వెళ్లనిస్తాను.

సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు కూడా అంతే దగ్గరిది. బొర్రా గుహలకి వెళ్లని పిల్లాడు విశాఖలో ఉండడు. ఆ బొర్రా చుట్టుపక్కల గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజుల మీదే ఆ కేసు. 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి భూమి లీజుకివ్వడం చెల్లదంది. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టంలో 'వ్యక్తి' అన్న మాట ప్రభుత్వానికీ వర్తిస్తుందని. "గవర్నమెంటు కూడా మనిషేనా మేడం?" అని నవ్వుతారు. దాని మీద రెండు పీరియడ్లు నడుస్తాయి. దీనికి తెలుగులో పిల్లల కోసం రాసిన కాగితం నాకు దొరకలేదు, నేనే రెండు పేజీలు రాసుకున్నాను.

సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు చాలా వచ్చాయి. ఖాళీలు నింపడమే. వాటి కంటే నిజంగా ఒకటి పెడదామని స్కూలు ముందు కాలువ మీద పలకల పని గురించి పిల్లల చేత ప్రశ్నలు రాయించాను. పద్నాలుగు వచ్చాయి, అందులో పది "ఎందుకు ఇంకా వెయ్యలేదు" రకం. ఆఫీసు తన దగ్గరున్న కాగితం ఇస్తుంది గాని సంజాయిషీ ఇవ్వదు. అంచనా కాపీ ఇవ్వండి, వర్కు ఆర్డరు కాపీ ఇవ్వండి అని మార్చి రాయడానికి మూడు రోజులు. పది రూపాయల ఫీజుతో నా పేరు మీద పెట్టాం. ముప్పై రోజుల్లో రావాలి, రాలేదు. మొదటి అప్పీలు పెట్టాక నలభై ఏడో రోజున అంచనా కాపీ వచ్చింది, వర్కు ఆర్డరు రాలేదు. పలకలు పడ్డాయా అంటే పడ్డాయి, మా కాగితం వల్లో కాదో తెలీదు. ఆ కవరు వచ్చిన రోజు క్లాసంతా దాన్ని చేతులు మార్చుకుంటూ చూసిన తీరు మాత్రం ఏ స్మార్ట్ టీవీ వీడియోకీ చూడలేదు.

కాబట్టి అమ్మా, డబ్బులిస్తే కొత్త చార్టులు కొనొద్దు, లామినేషన్‌కీ జిరాక్సుకీ ఉంచు. కార్డుల్లో పదిహేడోది, అద్దె అడ్వాన్సు తిరిగివ్వని ఓనరుది, పోయింది, మళ్లీ రాసుకోవాలి. చీటీల డబ్బా కింది అరలో ఉంది. తాళం స్టాఫ్ రూములో మేకుకి వేలాడుతుంది. ఏడు హక్కుల చార్టు మాత్రం జూలైలో నాకు కావాలి.