గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నాను: మా వీధి చివరి క్లినిక్ గురించి

మా అత్తగారు రక్తస్రావాన్ని ఏడాది పాటు దాచుకున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని బయటపడేసరికి ఆలస్యమైపోయింది. ఆ బాధ ఇంకా తీరలేదు, అందుకే 43 ఏళ్లకు నేనే వెళ్లాను.

బాగా టెన్షన్ పడ్డాను. నర్సమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఊపిరి వదలమ్మా, బిగబట్టకు" అంది. వెనిగర్‌లో ఉండే యాసిడ్‌నే పలచగా కలిపి దూదితో అద్దారు. చల్లగా తగిలి, కాస్త చురుక్కుమంది. ఒక నిమిషం ఆగి చూశారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుందట. నాకు ఏమీ లేదన్నారు. బయటికొచ్చి ఏడ్చేశాను.

డాక్టరమ్మ తీరిగ్గా కూర్చుని చెప్పింది: ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్), అందులో 16, 18 రకాలే దాదాపు 70 శాతం కేసులకు మూలం. మా అమ్మాయికి 12 ఏళ్లు, ఈ వైరస్‌ను అడ్డుకునే సెర్వావ్యాక్ టీకా మొదటి డోసు అక్కడే వేయించాం. రెండోది 6 నెలలకు. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదని మరీమరీ చెప్పింది.

ఒక్కటే లోటు, పరీక్ష గదికి తలుపు సరిగా పడదు, పల్చటి తెరే దిక్కు. ఆడవాళ్లు వచ్చేచోట ఇది వెంటనే సరిచేయాలి.

వచ్చే వారం మా వదినను తీసుకెళ్తున్నాను.