నర్సాపురం లేసు చేత్తో అల్లి చూశాం
మొన్న శనివారం భీమవరం నుంచి నర్సాపురం వెళ్ళామండి, మా అమ్మాయికి లేసు పని చూపిద్దామని. అంతా ఆడవాళ్ళే, చాపల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే అల్లేస్తున్నారు, చేతి వంక చూడను కూడా చూడట్లేదు! ఒక పెద్దావిడ కొక్కెం సూది ఇచ్చి, దారం మా పిల్ల ఎడమచేతి వేలికి చుట్టి గొలుసు కుట్టు నేర్పించారు, "బిగించకమ్మా, వదులుగా లాగు" అంటూ ఎన్నిసార్లు విప్పాల్సొచ్చినా విసుక్కోలేదు, రెండు గంటలకి సగం పువ్వు వచ్చిందంతే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పనంట, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువు అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. టేబుల్ క్లాత్ ఒకటి కొన్నాను, ఎంత పనో చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు. వెలుతురు మాత్రం చాలట్లేదండి అక్కడ, ఇంత సన్నపు పనికి ఇంకో రెండు ట్యూబులైట్లు వేయించాలి వాళ్ళకి.